యూనివర్సిటీకి ‘ఎ’, అవర్‌కి ‘యాన్’, మరి ఇయర్‌కి?

పాలకొల్లులో ఉండి బ్యాంకు పరీక్షలకి ప్రిపేర్ అవుతున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది, కాస్త కుదించి చెబుతున్నాను. “ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాల ముందు యాన్, మిగతా వాటి ముందు ఎ అని చిన్నప్పటి నుంచీ చదువుకున్నాను. మరి యూనివర్సిటీ ముందు ఎ ఎందుకొచ్చింది, అవర్ ముందు యాన్ ఎందుకొచ్చింది, ఎమ్మెల్యే ముందు యాన్ ఏంటి? శబ్దాన్ని బట్టి పెట్టాలన్నారు, సరే ఒప్పుకున్నాను. తీరా శబ్దాన్ని బట్టే ‘యాన్ ఇయర్’ అని పెడితే మాక్ టెస్టులో తప్పని మార్కు కోసేశారు. సంవత్సరం అనే ఆ మాట నాకు ఇయర్ అనే వినిపిస్తోంది కదా!”

చివరి ముక్క ఉంది చూశారూ, అసలు ప్రశ్న అదండి. మొదటి మూడింటికీ ఏ గ్రామర్ పుస్తకం తిరగేసినా జవాబు దొరుకుతుంది. ఇయర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పుస్తకం చేతులెత్తేస్తుంది, ఎందుకంటే దాన్ని రాసినవాళ్లు తెలుగువాడి నాలుకని దృష్టిలో పెట్టుకుని రాయలేదు. కోనసీమలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ తల నెరిసినవాణ్ణి, ఈ ‘యాన్ ఇయర్’ దిద్దకుండా గడిచిన ఏడాది లేదు. అదీ మొద్దబ్బాయిల కంటే తెలివైన పిల్లలే ఎక్కువ రాస్తారు. శబ్దం సూత్రం వాళ్లకే బాగా వంటబట్టింది కదా మరి, నమ్మి దాని వెనకాలే వెళ్లిపోతారు.

సూత్రం సంగతి ముందు తేల్చేద్దాం. ఆర్టికల్, అంటే ఈ ఎ గానీ యాన్ గానీ, తన పక్కనున్న మాట ఎలా పలుకుతుందో చూస్తుంది, స్పెల్లింగుతో దానికి పని లేదు. సరే, పలుకుని పట్టుకోవడం ఎలా? ఇంగ్లీషులో రాతది ఒక దారి, నోటిది ఒక దారి. మన లిపి అలా కాదు, నోట్లో ఉన్నదే కాగితం మీద పెడుతుంది. అందుకని నేను పిల్లలకి చెప్పే కిటుకు ఒక్కటే: అనుమానం వచ్చిన మాటని తెలుగు అక్షరాల్లో రాసి చూడండి, మొదటి అక్షరం అచ్చయితే యాన్, హల్లయితే ఎ.

రాసి చూద్దాం. యూనివర్సిటీ, మొదట్లో ఉన్నది య గుణింతం, అంటే హల్లు, కాబట్టి ఎ యూనివర్సిటీ. అంబ్రెల్లా, మొదట్లో అ, కాబట్టి యాన్ అంబ్రెల్లా. ఇంగ్లీషులో రెండూ యు అక్షరంతోనే మొదలవుతాయి, తెలుగులో రాయగానే దేని దారి దానిది అయిపోయింది. యూనిఫాం, యూనియన్, యూనిట్, యూజ్‌ఫుల్, యూరోపియన్, యూకలిప్టస్ అన్నీ య బాపతే, అన్నిటికీ ఎ. వన్ అనే మాట ఇంగ్లీషులో ఓ తో మొదలవుతుంది గానీ తెలుగులో రాస్తే వ, అందుకే ఎ వన్ రూపీ కాయిన్, ఎ వన్ వే రోడ్. మన చెరువుల లెక్కలో చెప్పాలంటే ఎకరం చెరువు ‘ఎ వన్ ఎకర్ పాండ్’ అవుతుంది, ఉత్త ఎకరం ‘యాన్ ఎకర్’ అవుతుంది. రోజూ ఫోనుకొచ్చే మెసేజీ ఇంకా మంచి ఉదాహరణ: యాన్ ఓటీపీ, కానీ దాన్నే విడదీసి చెబితే ఎ వన్ టైమ్ పాస్‌వర్డ్. ఒకే వస్తువు, ఒకే స్పెల్లింగు మొదలు, పలుకు మారింది కాబట్టి ఆర్టికల్ మారింది. దీన్ని బోర్డు మీద రాస్తే చాలు, సగం క్లాసుకి విషయం వెలిగిపోతుంది.

ఇక్కడో గోతి ఉంది, బ్యాంకు పరీక్షల వాళ్లు కావాలనే తవ్వుతారు. యు, ఎన్, ఐ వరసగా కనిపిస్తే చాలు, యూనివర్సిటీ గుర్తొచ్చి ఎ పెట్టేస్తారు పిల్లలు. అన్‌ఇంపార్టెంట్, అన్‌ఐడెంటిఫైడ్ లాంటి మాటలు కూడా ఆ మూడక్షరాలతోనే మొదలవుతాయి. వాటిలో ఉన్నది ‘కాదు’ అని చెప్పే అన్, పలుకు అ, కాబట్టి యాన్ అన్‌ఐడెంటిఫైడ్ పర్సన్. తెలుగులో రాసుకున్నవాడు ఈ గోతిలో పడడు, స్పెల్లింగుని గుడ్డిగా గుర్తుపెట్టుకున్నవాడు పడతాడు.

పలకని హెచ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గంట అనే అవర్, నిజాయితీ అనే ఆనెస్ట్, గౌరవం అనే ఆనర్, వారసుడు అనే ఎయిర్, ఈ నాలుగూ, వీటి నుంచి పుట్టిన ఆనరబుల్, ఎయిరెస్ లాంటివీ. అన్నీ ఫ్రెంచి మీదుగా వచ్చిన మాటలు, హెచ్ రాతలో మిగిలింది, నోట్లో లేదు. మన ఊళ్లలో ఫ్లెక్సీల మీద ‘యాన్ హంబుల్ రిక్వెస్ట్’ అని కనిపిస్తూ ఉంటుంది. ఆ మాటని కూడా ఒకప్పుడు హెచ్ లేకుండా అంబుల్ అనే పలికేవాళ్లు, అప్పట్లో యాన్ సరిపోయేది. ఇప్పుడు హెచ్ పలుకుతున్నారు కాబట్టి ఎ హంబుల్ రిక్వెస్ట్ అనాలి.

పొడి అక్షరాల పేర్లకి వద్దాం, మీ ఎమ్మెల్యే ఇక్కడే ఉన్నాడు. విడివిడిగా పలికే అక్షరాలకి ఆ అక్షరం పేరు ఎలా మొదలవుతుందో చూడాలి. ఎఫ్, ఎల్, ఎమ్, ఎన్, ఎస్, ఎక్స్ అన్నీ ఎ అనే అచ్చుతో మొదలవుతాయి, ఆర్ ఆ తో మొదలవుతుంది, హెచ్ పంచాయితీ వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. వవల్స్ జాబితాలో ఉన్న యు మాత్రం తిరగబడి హల్లు పక్షాన చేరుతుంది, దాని పేరే ‘యు’ కాబట్టి. కాబట్టి యాన్ ఎమ్మెల్యే, యాన్ ఎస్సై, యాన్ ఆర్డీవో, యాన్ ఎన్నారై, యాన్ ఎఫ్ఐఆర్, యాన్ ఎల్ఐసీ పాలసీ, యాన్ ఎక్స్‌రే, యాన్ ఎమ్మారై స్కాన్, యాన్ ఆర్టీసీ బస్, ఊరి చివర నీళ్ల క్యాన్లు నింపే ఆర్వో ప్లాంటు ఉంటే యాన్ ఆర్వో ప్లాంట్, ధాన్యం బస్తాలు దించే చోటు యాన్ ఎఫ్‌సీఐ గోడౌన్. అదే సీఐ గారు వస్తే ఎ సీఐ, వీఆర్వో వస్తే ఎ వీఆర్వో, చేసింది యూపీఐ పేమెంట్ అయితే ఎ యూపీఐ పేమెంట్. పొడి అక్షరాలని కలిపేసి మాటలా చదివితే మళ్లీ మామూలు మాట లెక్కే, ఎన్ తో మొదలైనా సరే ఎ నీట్ ర్యాంక్, ఎ నాబార్డ్ లోన్.

అంకెలు కూడా అంతే. అంకె రాసి ఉంటే నోటితో చదివి పెట్టాలి: ఎయిట్, ఇలెవెన్, ఎయిటీన్, ఎయిటీ, ఎయిట్ హండ్రెడ్, వీటితో మొదలయ్యేవాటికే యాన్. భీమవరం వైపు రొయ్యల కౌంటు తెలిసినవాళ్లకి దీన్ని వివరించనే అక్కర్లేదు, 80 కౌంటు సరుకుకి యాన్, 100 కౌంటు సరుకుకి ఎ.

ఆర్టికల్ చూసేది తన పక్కనే ఉన్న మాటని, ఎవరి గురించి చెబుతున్నామో ఆ నామవాచకాన్ని కాదు, ఇది కూడా మర్చిపోకండి. యాన్ ఎగ్, కానీ ఎ బాయిల్డ్ ఎగ్. ఎ కోకోనట్, కానీ యాన్ అన్‌రైప్ కోకోనట్. యాన్ అవర్, కానీ ఎ హాఫ్ అవర్. ఎ యూనివర్సిటీ, కానీ యాన్ ఓల్డ్ యూనివర్సిటీ. ఇంకో సంగతి, అసలు ఆర్టికల్ అవసరమా కాదా అన్నది వీటన్నిటికంటే ముందు చూసుకోవాలి. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్ అన్నీ అచ్చుతోనే మొదలవుతాయి గానీ లెక్కపెట్టే మాటలు కావు, వాటి ముందు యాన్ పెట్టారంటే సూత్రం బాగానే పాటించి వాక్యం పాడుచేసినట్టే.

ఇప్పుడు మీ ఇయర్.

తెలుగులో రాసి చూడమన్నాను కదా, ఆ కిటుకు నూటికి తొంభై పైచిలుకు మాటల్లో పనిచేస్తుంది. దెబ్బతినేది సరిగ్గా మూడు చోట్ల, మూడూ మన నోటి అలవాటు నుంచి వచ్చినవే. పాత ఉత్తరాలు ఎప్పుడైనా చూశారా? మా తాతల తరం వాళ్లు “యిక్కడ మేమందరం క్షేమం” అని మొదలుపెట్టేవాళ్లు, “మీ వుత్తరం అందినది” అని రాసేవాళ్లు, యెందుకు, వొకసారి, యిల్లు, వూరు, అన్నీ అలాగే. పాత దస్తావేజుల్లోనూ అంతే. యిల్లు అని రాసినా ఇల్లు అని రాసినా మనకి ఒకటే ఇల్లు, మన చెవి ఆ రెంటికీ తేడా అడగదు. మాట మొదట్లో ఇ కీ యి కీ, ఉ కీ వు కీ, ఎ కీ యె కీ, ఒ కీ వొ కీ మధ్య మనం గీత గీయం. ఇంగ్లీషువాడు గీస్తాడు, ఆ గీతకి అటొక మాట, ఇటొక మాట పెట్టుకున్నాడు. చెవి అంటే ఇయర్, సంవత్సరం అంటే యియర్. తూర్పు అంటే ఈస్ట్, పిండి పొంగడానికి కలిపేది యీస్ట్. మనం ఈ జంటలన్నిటినీ ఒకేలా పలికి, ఒకేలా రాసి, ఆ రాతనే నమ్ముకుని యాన్ పెడుతున్నాం.

అందుకని మొదటి దిద్దుబాటు: యియర్, యీస్ట్, దిగుబడి అనే యీల్డ్, వీటిని య పెట్టి రాసుకోండి. ఎ యియర్, ఎ యీల్డ్. ‘నేను ఒక ఏడాది కోచింగ్ తీసుకున్నాను’ అనడానికి ఎ యియర్, ‘చెవి ఒకటి నొప్పిగా ఉంది’ అనడానికి యాన్ ఇయర్. ఇలాంటి మాటలు పట్టుమని పది లేవు, పరీక్షలో వచ్చేవి ఈ మూడే, అందులోనూ యియర్ ఒక్కటే మళ్లీ మళ్లీ వస్తుంది.

రెండోది దీని తమ్ముడే. స్త్రీ అనే ఉమన్, చెక్క అనే ఉడ్, ఉన్ని అనే ఊల్, తోడేలు అనే ఉల్ఫ్. ఇంగ్లీషులో ఇవన్నీ డబ్ల్యూతో మొదలవుతాయి, ఆ డబ్ల్యూ నోట్లో ఉంది కూడా, మనకి మాత్రం ఉ అనే వినిపిస్తుంది. వీటిని వుమన్, వుడ్, వూల్, వుల్ఫ్ అని రాసుకుంటే ఎ వుమన్, ఎ వుడెన్ కాట్ అని సరిగ్గా వస్తుంది. నిశ్చితార్థం అయిన దగ్గర్నుంచీ మనవాళ్లు వాడే ‘ఉడ్‌బీ’ కూడా ఈ ఇంటిదే, ఎ వుడ్‌బీ అనాలి. డబ్ల్యూ కనబడితే ఎ అని కళ్లు మూసుకుని పెట్టేయండి, వై కనబడినా అంతే. ఈ రెండు అక్షరాల దగ్గర కళ్లతో చూసి పెట్టినా దెబ్బతినరు, మిగతా చోట్ల కళ్లని నమ్మొద్దని ఇంతసేపూ చెప్పిన నేనే ఇక్కడ కళ్లని నమ్మమంటున్నాను.

నమ్మకం కుదరకపోతే ఫోను తీసి సెల్ఫీ కెమెరా ఆన్ చేసి మీ పెదాలు చూసుకోండి. ‘వన్’ అనండి. మొదలుపెట్టే ముందు పెదాలు గుండ్రంగా ముందుకొచ్చి బిగుస్తాయి, తర్వాత విడిపోతాయి, పళ్లు పెదవికి తగలవు. ఇప్పుడు అదే బిగింపు ముందు తెచ్చుకుని, అక్కడి నుంచి ‘ఉమన్’ లోకి వదలండి. ఒక చిన్న విదిలింపు వినిపిస్తుంది చూడండి, అదే డబ్ల్యూ. మామూలుగా మనం అనే ఉమన్‌లో పెదాలు ఒకే చోట మెత్తగా నిలబడి ఉంటాయి, విదిలింపు ఉండదు. సంవత్సరానికైతే ‘యస్’ అనబోయి య దగ్గరే ఆగండి. నాలుక నడిమి భాగం లేచి అంగిలికి రాసుకునేంత దగ్గరగా ఉంటుంది. అక్కడి నుంచి ‘ఇయర్’ లోకి జారండి. అది యియర్. నాలుకని అంత పైకి లేపకుండా నేరుగా అంటే అది చెవి. నా దగ్గర చదువుకున్న పిల్లలు దీన్ని మొదట్లో నవ్వులాట చేస్తారు, పక్కవాడి మొహం చూసి పగలబడతారు, నాలుగైదు సార్లు అన్నాక ఎవరో ఒకరు “సార్, తేడా ఉందండోయ్” అంటారు. ఒకసారి చెవికి పట్టుబడితే ఇక పోదు.

చెవిని ఇంకా నమ్మలేకపోతే డిక్షనరీలో ఉచ్చారణ గుర్తులు చూడండి. ఇయర్ అనే సంవత్సరం పక్కన చాలా డిక్షనరీల్లో మొదటి గుర్తు జె అక్షరంలా ఉంటుంది, దాన్ని జ అనుకుని కంగారు పడొద్దు, ఉచ్చారణ లిపిలో అది య కి గుర్తు. యూనివర్సిటీ పక్కన కూడా అదే గుర్తు ఉంటుంది. చెవి పక్కన ఆ గుర్తు ఉండదు. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మూడో చోటు దీనికి తలకిందులు. లేని హల్లుని మనమే తెచ్చి అతికిస్తాం. కోడిగుడ్డుని యెగ్ అంటాం, ఎలిఫెంట్‌ని యెలిఫెంట్ అంటాం, ఎమ్మెల్యేని యెమ్మెల్యే అంటాం, ఓల్డ్‌ని వోల్డ్, ఓనర్‌ని వోనర్, ఓపెన్‌ని వోపెన్ అంటాం. మన మాటల్లో ఎక్కడా ఇబ్బంది లేదు, ‘యెక్కడికండీ’ అంటే ఎవరైనా సమాధానం చెబుతారు. ఇంగ్లీషు రాసేటప్పుడు మాత్రం శబ్దాన్ని నమ్ముకున్న పిల్లాడు ‘ఎ వోల్డ్ మ్యాన్’ అనే వింటాడు కాబట్టి ఎ పెట్టేస్తాడు. వీటికి మందు చాలా సులువు. మాటని విడిగా పలక్కుండా యాన్‌తో అతికించి ఒకే మాటలా పలకండి. ఇంగ్లీషువాళ్లు మాట్లాడేటప్పుడు యాన్ అని పళ్లు బిగించి అనరు, తేలిగ్గా ‘అన్’ అంటారు, ఆ చివరి న్ పక్క మాటలోకి దిగిపోతుంది: అనెగ్, అనోల్డ్ మ్యాన్, అనవర్, అనెమ్మెల్యే. న్ వచ్చి కూర్చున్నాక య కీ వ కీ చోటెక్కడుంది? రోజూ పది మాటలు ఇలా అతికించి పైకి చదివితే రాతలో తప్పు దానంతటదే పోతుంది.

అసలు ఆ న్ ఎందుకుంది అనేది కూడా ఇక్కడే అర్థమవుతుంది. రెండు అచ్చులు ఒకదాని పక్కన ఒకటి పడితే నోటికి అడ్డం. బళ్లో యడాగమం చదివే ఉంటారు, మా అమ్మ అనేది మాయమ్మ అవుతుంది, మీ ఇల్లు మీయిల్లు అవుతుంది, సంధి జరగని చోట మధ్యలో య వచ్చి దారి సాఫీ చేస్తుంది. మనకి య చేసే పని వాళ్లకి న్ చేస్తోంది. ఒక్క తేడా ఏంటంటే మన య కొత్తగా వచ్చి చేరింది, వాళ్ల న్ మొదటి నుంచీ ఉన్నదే. పాత ఇంగ్లీషులో ‘ఒకటి’ అనే మాటకి ఆన్ అనేవాళ్లు, అదే తేలికపడి యాన్ అయింది, తర్వాత హల్లుల ముందు న్ రాలిపోయి ఎ మిగిలింది. అంటే యాన్ అనేదే అసలుది, ఎ అనేది దాని అరిగిన రూపం. మనం పుస్తకాల్లో ‘ఎ కి న్ చేరిస్తే యాన్’ అని తిరగేసి చదువుకుంటున్నాం. వన్ కూడా ఆ పాత ఆన్ సంతానమే.

ఈ న్ అటూ ఇటూ కదలడం వల్ల కొన్ని మాటల రూపమే మారిపోయింది. వంట చేసేటప్పుడు కట్టుకునే ఏప్రన్ ఒకప్పుడు నేప్రన్. ‘ఎ నేప్రన్’ అని అంటుంటే విన్నవాళ్లు ‘యాన్ ఏప్రన్’ అనుకున్నారు, న్ ఆర్టికల్‌లో కలిసిపోయింది. క్రికెట్ అంపైర్‌ది కూడా అదే కథ, మొదట్లో అతనికి ముందు న ఉండేది. ముద్దుపేరు అనే నిక్‌నేమ్‌ది తిరుగు ప్రయాణం, యాన్ లోని న్ వచ్చి దానికి అతుక్కుంది. నారింజ కూడా న్ పోగొట్టుకున్నదే, సంస్కృతం నారంగ నుంచి అరబ్బు దేశాల మీదుగా యూరప్ చేరింది, ఇంగ్లీషు దాకా రాకముందే అక్కడి భాషల్లో ముందున్న న ఊడిపోయి చివరికి ఆరెంజ్ అయింది. మన నారింజకి న భద్రంగా ఉంది. మనం తినేది నారింజ, పరీక్షలో రాసేది యాన్ ఆరెంజ్. వీటి మీద బిట్లేమీ రావు, ఊరికే చెప్పాను, ఇలాంటివి తెలిస్తే సూత్రం మీద కొంచెం ప్రేమ పుడుతుంది.

1611 నాటి ఇంగ్లీషు బైబిల్ చదివే అలవాటు ఇంట్లో ఉంటే ఇంకో సందేహం వస్తుంది, మా నరసాపురం వైపు పిల్లలు అడిగారు కూడా. అందులో ‘యాన్ హండ్రెడ్ షీప్’ అని, ‘యాన్ హౌస్’ అని ఉంటుంది. దాన్ని తప్పు అనకండి, అప్పటి వాడుక అది, హ ముందు కూడా యాన్ రాసేవాళ్లు. ఇప్పుడు మీరు అలా రాస్తే మాత్రం మార్కు పోతుంది. దాని తోకే ‘యాన్ హిస్టారిక్’. ఆ మాటలో బలం రెండో ముక్క మీద పడి మొదటి హ తేలిపోతుంది కాబట్టి కొందరు ఇప్పటికీ యాన్ అంటారు, పాత పుస్తకాల్లో బోలెడు కనిపిస్తుంది. పరీక్షకి ఎ హిస్టారిక్ పెట్టుకోండి, ఇప్పటి వాడుకలో అదే ఎక్కువ. మూలిక అనే హెర్బ్‌ని అమెరికావాళ్లు ఎర్బ్ అంటారు, వాళ్లకి యాన్, బ్రిటిష్ పద్ధతిలో ఎ. మనం చదివేది ఎక్కువగా బ్రిటిష్ బాణీ కాబట్టి ఎ హెర్బ్.

హెచ్ పంచాయితీ అన్నాను కదా. ఆ అక్షరం పేరుని మనమంతా హెచ్ అని హ పెట్టి పలుకుతాం, ఐర్లండ్‌లో కూడా చాలామంది అలాగే పలుకుతారు. డిక్షనరీలు ముందు పెట్టే పలుకు మాత్రం ఎయిచ్, అచ్చుతో. మన నోటి ప్రకారం వెళితే ఎ హెచ్ఎం అనాలి, పుస్తకం ప్రకారం యాన్ హెచ్ఎం. నా అభిప్రాయం అడిగితే హ పలికేవాడు ఎ అనడంలో తర్కం తప్పేమీ లేదు, శబ్దాన్ని బట్టి అన్నాక శబ్దాన్ని బట్టే ఉండాలి కదా. కానీ పేపరు దిద్దేవాడి దగ్గర ఉన్న కీలో యాన్ ఉంటుంది. బళ్లో హెడ్‌మాస్టర్ గారిని హెచ్ఎం అని కుదించి రాసినా, హెచ్ఐవీ గురించి రాసినా యాన్ పెట్టి ఒడ్డున పడండి. ఈ ఒక్క అక్షరం దగ్గర నోరు ఒకటీ రాత ఒకటీ పెట్టుకోక తప్పదు.

ఊళ్ల పేర్లకి కూడా సూత్రం మారదు. యాన్ అమలాపురం బస్, యాన్ అంతర్వేది బస్, యాన్ ఉండి బస్, యాన్ ఉప్పాడ శారీ, ఎ యానాం బస్, ఎ రావులపాలెం బస్. ఏలూరుని సగం మంది యేలూరు అంటారు గానీ ఇంగ్లీషులో అది ఈ అక్షరంతో రాసే అచ్చు మాట, యాన్ ఏలూరు బస్. పాలకొల్లు పక్కనే ఉన్న మీ యలమంచిలిని వై తో రాస్తారు, దానికి ఎ. ధవళేశ్వరం దగ్గర ఒకప్పుడున్న ఆనకట్టని ఇంగ్లీషువాళ్లు తమ భాషలో కలిపేసుకుని ఆనికట్ అన్నారు, కాబట్టి యాన్ ఆనికట్, దాని స్థానంలో వచ్చినది ఎ బ్యారేజ్. కోనసీమలోని పి.గన్నవరం దగ్గర కాలువని గోదావరి పాయ మీదుగా దాటించే కట్టడం యాన్ ఆక్విడక్ట్. బస్టాండులో బస్సు కోసం ఎదురుచూస్తూ బోర్డులన్నిటికీ ఆర్టికల్స్ పెట్టుకుంటూ కూర్చోండి, గైడు కొనక్కర్లేదు.

ఇంటర్వ్యూ కూడా ఉంటుంది కాబట్టి ఒక్క మాట ‘ద’ గురించి. రాతలో దానికి ఒకటే రూపం, నోట్లో రెండు. హల్లు ముందు ద, అచ్చు ముందు ది. ద బ్యాంక్, ద యూనివర్సిటీ, ద యియర్, ది అవర్, ది ఓల్డ్ నోట్, ది ఆర్‌బీఐ. ఎక్కడ యాన్ వస్తుందో అక్కడే ది వస్తుంది, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. మనవాళ్లు కొందరు అన్ని చోట్లా ది అని వత్తి పలుకుతారు, అర్థం చెడదు గానీ వినడానికి ప్రతి మాటనీ వేలు పెట్టి చూపిస్తున్నట్టు ఉంటుంది. ఎ ని కూడా ఏ అని సాగదీయకండి, ‘అ’ అన్నంత తేలిగ్గా వదిలేయండి, ‘అ బుక్’, ‘అ యియర్’. ఒకటే, రెండు కాదు అని గట్టిగా చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రమే ఏ అని వత్తుతారు. యీస్ట్, ఈస్ట్ జంట ఇంకా పట్టుబడకపోతే చెప్పండి, ఆడియో రికార్డు చేసి పెడతాను.